జీరో బిల్లు

"ఆ ప్లగ్గు మీదికెల్లి చెయ్యి తియ్, ప్రభావతీ!"

గుమ్మంలో చెప్పులు విప్పుతూనే అరిచాడు కిషన్ రావు. ముందుగదిలో కూలర్ వైరు పట్టుకుని నిలబడ్డ అతని భార్య కదల్లేదు. గోడకున్న పెద్ద సాకెట్ మీద నెల మొదట్లో అతను అంటించిన నల్ల టేపు ఒక మూల లేచి ఉంది.

"ముందు అత్తమ్మను జూడు. పొద్దటి సంది మెతుకు ముట్టలే. ఒళ్లు పెనం లెక్క కాలుతున్నది."

మంచం మీద అతని తల్లి ఆదిలక్ష్మి కళ్లు మూసుకుని ఉంది. పైన ఫ్యాను ఒకటో నంబరు మీద బద్ధకంగా తిరుగుతోంది. మూడో అంతస్తు. ఎండకు కాలిన స్లాబు నుంచి సెగ దిగుతోంది. కింద చిక్కడపల్లి రోడ్డు మీద హారన్లు ఆగడం లేదు.

"ఇప్పుడే కింద మీటర్ చూసొచ్చిన. నూట తొంభై ఆరు యూనిట్లు," అన్నాడు కిషన్ రావు. "సర్కారు ఫ్రీగ ఇచ్చే రెండొందలు దాటిందంటే ఎక్కువ కాలిన దానికే కాదు, మొత్తం నెలకు పడతది బిల్లు. నెలంతా చీకట్ల కూసున్నది దేనికి మరి?"

"రీడింగ్‌కు ఇయ్యాల వస్తనన్నడు గద?"

"అశోక్ నగర్ గల్లీలల్లనే పొద్దు పోయిందంట. రేపు పొద్దుగాల వస్తడు. ఆయన మిషన్ల జీరో కొట్టి పోంగనే రాత్రింబగళ్లు నడిపియ్. నేనేమన్న అంటనా?"

"ఒక్క గంట ఏస్త. గంటకు ఎంత కాలుతది?"

"మొన్న ఫ్రిజ్ గూడ ఒక్క గంటనే అన్నవ్. పొద్దుమీకిదాక నడిచింది."

"పాలు ఇరుగుతయని ఏసిన. నేనేమన్న అండ్ల కూసున్ననా?"

ఆదిలక్ష్మి పెదవులు కొంచెం కదిలాయి. నవ్వే అయి ఉంటుంది.

ప్రభావతి గొంతు తగ్గించింది. "కింద రత్నమాలక్క ఇంట్ల ఏసీ ఉన్నది. ఈ రాత్రికి ఆడ పండవెడదామా?"

"గిన్ని మెట్లు ఎట్ల దిగుతది? అయినా, బిల్లు తప్పించుకోనీకి ముసలామెను కిందింటికి తోలిన్రని గల్లీ అంత చెప్పదా ఆమె? పొద్దుగాల నేనే దవాఖానకు తీస్కపోత."

"రేపు కూలర్. రేపు నల్లా. రేపు దవాఖాన. అన్ని రేపే."

ఆదిలక్ష్మి కళ్లు తెరిచింది. గొంతు ఎండిపోయినా అందులో వెటకారం ఎండలేదు. "నా పేరు జెప్పి కొట్లాడకుర్రి. ఆ డబ్బా మోతకు నాకు నిద్ర పట్టది. దాన్ని మూలకు పెట్టుర్రి."

"చూసినవా? అమ్మకే వద్దట," అన్నాడు కిషన్ రావు. అన్నాక తనే మొహం తిప్పుకున్నాడు.

"వద్దనక ఏమంటది, నువ్వట్ల నిలబడితే?"

అతను తువ్వాలు తీసుకుని బాత్రూంలోకి పోయాడు. బకెట్లో ముంచబోతుంటే ప్రభావతి వెనక నుంచి ఆపింది.

"అండ్ల కాదు. అవి మంచివి, రేపు నల్లా వచ్చేదాక రావాలె. పక్క గిన్నెల బియ్యం కడిగిన నీళ్లున్నయి."

కిషన్ రావు ఆ నీళ్లలోనే తువ్వాలు ముంచాడు. చుక్క కింద పడకుండా గిన్నెలోకే పిండాడు. తెచ్చి తల్లి నుదుటి మీద పరిచి, మంచం పక్కన కూర్చుని పాత క్యాలెండర్ అట్టతో విసరసాగాడు. అతని చొక్కా వీపుకు అతుక్కుపోయింది. చాలాసేపు విసిరాడు.

"మంచిగుందిరా," అంది ఆదిలక్ష్మి. "ఫ్యాను గూడ బంద్ చెయ్యి. నువ్వు విసురుతున్నవ్ గద, రెండెందుకు?"

అతను నవ్వాడు. లేచి ఫ్యాను ఆపేశాడు.

ప్రభావతి కాసేపు ఇద్దరి వైపూ చూసింది. లేచిన టేపు మూలను బొటనవేలితో నొక్కి అతికించి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున కింద మీటర్ల దగ్గర నుంచి పిలుపు వినిపిస్తే కిషన్ రావు మెల్లగా దిగాడు. ఒంటి మీద నిన్నటి చొక్కానే ఉంది. రీడింగ్ తీసే మనిషి మిషన్ నొక్కి చీటీ చింపాడు.

"నూట తొంభై తొమ్మిది! వారెవ్వా అన్నా, అంచుల మీద ఆగినవ్. జీరో బిల్లు!"

కిషన్ రావు చెయ్యి చాపలేదు. ఆ మనిషే చీటీని అతని జేబులో పెట్టాడు.

"నిన్న రాకపోతి, పరేషాన్ అయినవేమో. ఎండకు నాకే కండ్లు తిరిగినయ్." మళ్లీ మీటర్ వైపు చూసి ఆగాడు. "ఏందన్నా, ఎర్ర లైటు గింత జోరుగ కొట్టుకుంటున్నది? కూలర్ ఏసినవా?"

"అమ్మకు," అన్నాడు కిషన్ రావు.

"మంచి పని చేసినవ్. ముసలి పానం, ఈ ఎండకు ఎట్ల ఆగుతది? ఇగ కొత్త నెల లెక్క షురూ. బేఫికర్ నడిపియ్!"

కిషన్ రావు తల ఊపి మెట్లెక్కాడు. రెండో అంతస్తు దాటేసరికి పైనుంచి మోటారు మోత వినిపించింది. గుమ్మం ముందు ఎవరెవరివో చెప్పులు. తనవీ అక్కడే విడిచి లోపలికి వెళ్లాడు.

ముందుగదిలో మంచం తీసేశారు. కూలర్ మూలనే ఉంది, వైరు చుట్టి దాని మీదే పెట్టి ఉంది. టేపు పీకేసిన సాకెట్ నుంచి ఇంకో వైరు గది మధ్యకు పోయింది. వరంగల్ నుంచి చెల్లెలు సరిత వచ్చేదాకా ఉంచడానికి కిరాయికి తెచ్చిన ఐస్ పెట్టెలో, అంత మోతలోనూ కదలకుండా, అద్దం మూత కింద చల్లగా పడుకుని ఉంది అమ్మ.