పక్కింటి తోడు

2007 జూన్‌లో ఒక ఉదయం, మలికిపురం కొబ్బరి వ్యాపారి ధర్మరాజు ఖాళీ గిన్నెతో పక్కింటి గుమ్మం ఎక్కాడు. నెలలో పొట్ట, షుగరు తగ్గకపోతే ఇన్సులిన్ సూదేనని డాక్టరు చెప్పాడు. సూదంటే ధర్మరాజుకు ప్రాణభయం.

"మేరీగారండీ, పాలల్లోకి కాస్త తోడు పెట్టండి."

"మీ ఇంట్లో పెరుగు లేదాండీ?"

"ఉందండీ. అది లావు పెరుగు. పొట్ట పెరగడం, తగ్గడం కడుపులో బాక్టీరియాని బట్టేనని పేపర్లో వేసేరు. మీ ఆయన మాస్టారు చూడండి, కొబ్బరీనెలా సన్నగా ఉంటారు. సన్న బాక్టీరియా అంతా మీ పెరుగులోనే ఉందండీ."

మేరీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మా తోడు మీ ఇంటిదేనండీ. రోజూ మీ ఆవిడ అచ్చాయమ్మగారే తెచ్చిస్తారు."

ధర్మరాజు రెండు గుమ్మాల మధ్య దారిని కళ్లతోనే కొలిచాడు.

"ఆయ్, అయితే దార్లో సన్నబడుతోందండీ."

దారి పెరిగితే ఇంకా సన్నబడుతుందని, ఆ రోజు నుంచి తోడు గిన్నె పట్టుకుని రోజూ మైళ్ల దూరంలోని రాజోలు వెళ్లి వచ్చాడు. మోపెడ్ కుదుపులకు బాక్టీరియా బెదురుతుందని నడిచే వెళ్లాడు.

నెలాఖరున డాక్టరు టేపుతో పొట్ట కొలిచి, షుగరు చూసి, సూది అక్కర్లేదన్నాడు. తోడు సంగతంతా విన్నాడు. తన పొట్ట ఓసారి తడుముకుని, గిన్నె తెమ్మని కాంపౌండరును పంపాడు.