వంతు చదువు

ఇప్పుడు హాస్టల్లో గదికొకరు చదివితే చాలు. చెవి వెనక బిళ్ల అంటించుకున్న గదివాళ్లందరికీ ఆ చదువు వచ్చేస్తుంది. ఈసారి వంతు హరిణిది. లైబ్రరీలో కెమిస్ట్రీ మొత్తం చదివేసింది. కాకపోతే మూడో పాఠం మాత్రం ఎదురు బల్ల దగ్గర కూర్చున్న ప్రద్యుమ్నని చూస్తూ చదివింది.

పరీక్షలో మూడో పాఠం ప్రశ్న రాగానే హరిణి గది అమ్మాయిలు నలుగురూ ఒక్కసారే అతనివంక తిరిగి, ఒక్కసారే సిగ్గుపడిపోయారు.

"జవాబు పంపించమంటే ఇదేంటే, మొద్దూ!" అని పక్క వరసలోంచి వాళ్ల గది మల్లీశ్వరి గుసగుసలాడింది.

హరిణికి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. భయంభయంగా అటు చూసింది. ప్రద్యుమ్న తలొంచుకుని ముసిముసిగా నవ్వుకుంటున్నాడు. అతని గదివాళ్లు ముగ్గురూ పెన్నులు పక్కన పడేసి, చెవులదాకా ఎర్రబడిపోయి, కళ్లార్పకుండా హరిణినే చూస్తున్నారు.

వాళ్ల గదిలో వంతు అతనిదన్నమాట!