ఎలుగు కదలని మంగళవారాలు

“మత్తు సూది వేయించి మొత్తం గొరిగించేస్తానక్కా. ఇంక నావల్ల కాదు” అంది టీచరమ్మ, గొలుసుతో కుస్తీ పడుతూ.

గొలుసు రెండో కొసన కుక్క. పేరుకే కుక్కగాని, గుమ్మంలోంచి వస్తుంటే ఎలుగుబంటి చుట్టపుచూపుగా వచ్చినట్టుంది.

“అయ్యో, గొరిగితే ఎలా తల్లీ!” అంది దువ్వెనమ్మ.

అది వీధిలో పిల్లలు పెట్టిన పేరు. కుక్కలకు స్నానం చేయించి, బొచ్చు దువ్వి, గోళ్ళు కత్తిరించే చిన్న షాపు ఆమెది. వెనక గదిలోనే కాపురం. కాపురమంటే ఒక మంచం, ఒక కంచం, ఒక గ్లాసు. ఫోన్ మోగితే ఎవరి కుక్క గురించో మోగాలి తప్ప, ఎలా ఉన్నావని ఆమెను అడిగే దిక్కు లేదు.

“దీని బొచ్చుకు రెండు పొరలు. పైది ఎండకు గొడుగు. లోపలి దూది దువ్వి తీసేస్తే చాలు, గాలాడుతుంది. పైది గొరిగేస్తే ఒళ్ళు కాలిపోతుంది. మళ్ళీ సరిగ్గా మొలుస్తుందన్న నమ్మకం కూడా లేదు.”

“ఒళ్ళు తాకనిస్తేగా అక్కా? రెండు షాపుల్లో కరిచి వచ్చింది.”

“ఒక్కసారి నాకు వదిలి చూడు.”

వెలుతురు బాగుంటుందని, వీధి వైపు అద్దాల కిటికీ దగ్గరే బల్ల వేసుకుంది దువ్వెనమ్మ. కుక్కను బల్ల ఎక్కించి, అద్దానికి వీపు పెట్టి నిలబడింది. అది గింజుకుంది. పళ్ళు చూపించింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోబోతుండగా ఉన్నట్టుండి బుద్ధిగా కూర్చుంది. తలెత్తి ఆమె వైపే చూస్తూ ఉండిపోయింది.

కుక్క మీంచి కళ్ళు తిప్పకుండా టీచరమ్మ నోరు వెళ్ళబెట్టింది. “మంత్రం వేశావా అక్కా?”

“ప్రేమగా ముట్టుకుంటే మూగజీవికి తెలియదూ?” అంది దువ్వెనమ్మ. ఆమె కళ్ళు చెమర్చాయి.

ఒక్క పూటలో తెమిలే పని కాదది. ప్రతి మంగళవారం తెచ్చి వదిలి వెళ్ళమంది. ‘ఎలుగు’ అని ముద్దుపేరు పెట్టుకుంది. సోమవారం నుంచే ఆమెకు కాలు నిలిచేది కాదు. బల్ల కడిగేది. ఉన్నవాటిలో మంచి బట్టలు తీసి పెట్టుకునేది.

“నాకు నువ్వూ, నీకు నేనూ. ఏమంటావురా?” అని అడిగేది, దువ్వెన నిండా దూది తీస్తూ.

ఎలుగు రెప్ప వెయ్యకుండా చూసేది. ఆమె వైపు అంతసేపు చూసిన ప్రాణి ఈ మధ్యకాలంలో ఇంకొకటి లేదు.

ఒక మంగళవారం ఎలుగును దువ్వుతుంటే, పిల్లకుక్కను తెచ్చిన ఒకావిడ గొంతు తగ్గించి అంది.

“వెనక చూడండి. నేనొచ్చినప్పట్నుంచీ ఆ మనిషి అక్కడే ఉన్నాడు. నాకు భయంగా ఉంది.”

దువ్వెనమ్మ తిరిగి చూసింది. అద్దానికి అవతల నలిగిన చొక్కా, నెరిసిన గడ్డం. ట్రాఫిక్ పోలీసులా అరచెయ్యి ఎదురుగా ఎత్తి నిలబడ్డాడు. ఆమెకు ఒళ్ళు మండింది. దువ్వెనతోనే బయటికి వెళ్ళింది.

“ఏమయ్యా, ఏం పని ఇక్కడ?”

“ఏం లేదమ్మా. ఊరికే చూస్తున్నా.”

“ఊరికే చూడ్డానికి ఇదేమన్నా సినిమానా? ఆ చెయ్యేంటి? ఎవరికి సైగలు?”

అతను చెయ్యి దించేశాడు. “మీ పని అయ్యేదాకా ఉండనివ్వండమ్మా. లోపలికి రాను.”

“కుక్కల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని వింటూనే ఉన్నా. ఇంకోసారి కనిపించావంటే పోలీసుల్ని పిలుస్తా.”

అతను తల వంచుకుని వెళ్ళిపోయాడు.

ఆమె లోపలికి వచ్చేసరికి ఎలుగు తలుపు దగ్గర నిలబడి మూలుగుతోంది.

“నేను కనబడకపోయేసరికి బెంగపడ్డావురా?” అని పొంగిపోయింది దువ్వెనమ్మ.

మరుసటి మంగళవారం ఎలుగు బల్ల ఎక్కనే లేదు. ఆ పై వారం ఎక్కించబోతే చెయ్యి కరిచింది. లోపలి దూది సగం అలాగే ఉండిపోయి ఉండలు కట్టింది. ఎండకు నాలుక వేలాడేసుకుని రొప్పుతోంది.

“గొరిగించక తప్పదక్కా. రేపే ఆస్పత్రికి తీసుకెళ్తా” అంది టీచరమ్మ.

దువ్వెనమ్మ చేతికట్టు చూసుకుంది. కరిచిన నొప్పి ఓర్చుకోగలదు. అది తనను కాదనుకుందన్నదే ఓర్చుకోలేకపోయింది.

“బంగారంలా ఉండేది నాతో! ఆ పాపిష్టివాడి కళ్ళు పడ్డాయి దీనిమీద.”

“ఎవరక్కా?”

“ఎవడో గడ్డపాయన. అద్దం అవతల ఇదిగో, ఇలా నిలబడేవాడు” అంటూ అరచెయ్యి ఎత్తి చూపించింది.

గింజుకుంటున్న ఎలుగు ఠక్కున కూర్చుంది.

ముందుగా టీచరమ్మ తేరుకుని, తనూ అరచెయ్యి ఎత్తింది. ఎలుగు కదల్లేదు.

“ఇదా కిటుకు! ఇంక గొరిగించక్కర్లేదు. నువ్వు కానివ్వక్కా!”

దువ్వెనమ్మ దాన్ని బల్ల ఎక్కించి దువ్వడం మొదలుపెట్టింది. ఎలుగు ఎప్పటిలాగే చూస్తోంది. చెవి కింది ఉండ కోసం వంగినప్పుడు, మొదటిసారి ఆమె ముఖం దాని ముఖం పక్కకు వచ్చింది. అది చూస్తున్న వైపే చూసింది. అక్కడ ఖాళీ వీధి కనిపించింది.

ఆమె చేతిలో దువ్వెన ఆగిపోయింది.

“ఎవరే అతను?”

టీచరమ్మ వీధి వైపు చూసింది. “కొత్త గదిలో కుక్కల్ని రానివ్వరని దీన్ని నాకు ఇచ్చేశాడక్కా. గొరిగించొద్దని ఎంత బతిమాలాడో! ఆ రెండు షాపుల్లో కరిచాక, ఇంక ఎక్కడ, ఎప్పుడు దువ్విస్తారని బడి దగ్గరికొచ్చి అడిగితే, మంగళవారం నీ షాపుకే అని చెప్పా. తను కనిపిస్తే మాకు మాలిమి కాదని, ఇంటికి మాత్రం ఎప్పుడూ రానన్నాడు.”

“ఇప్పుడెక్కడ ఉంటాడు?”

“చెప్పలేదక్కా... కళ్ళు తెరవని కూనగా రోడ్డు మీద దొరికితే, చొక్కాలో పెట్టుకుని పెంచినాయన.”