తర్జుమా

"రెండు నెలలాయె మేడం! మా రజని నోట్లకెల్లి ఇంగ్లీషు ముక్క ఎల్లలే. గా కెన్యా టీచరు మాట పిల్లలకు సమజైతలేదు. వేరే సెక్షన్ల ఏయుండ్రి."

మెదక్ బడి వరండాలో ఎల్లం కాలు నిలవక తిరుగుతుంటే, హెడ్మాస్టరమ్మ ఎలిశిబా వింటోంది.

టీచరు శిక్షణలో భాగంగా పాఠాలు చెప్పడానికి కెన్యా నుంచి వచ్చిన వంజిరు అతని కోపం చూసి గాబరాపడింది. మీ నాన్న ఏమంటున్నారని పక్కనే నిలబడ్డ రజనిని ఇంగ్లీషులో అడిగింది.

"ఉన్నదున్నట్టు చెప్పు బిడ్డా," అన్నాడు ఎల్లం.

రజని నోరు విప్పింది. "మై ఫాదర్ ఈజ్ సేయింగ్ థాంక్యూ, మేడం. ఐ లైక్ యువర్ క్లాస్."

ఎల్లం నడక ఆగిపోయింది.

"థాంక్యూ అన్నవా?"

రజని తల దించుకుంది.

"నేను గదే అన్ననని మల్లొక్కసారి చెప్పు బిడ్డా," అన్నాడు ఎల్లం.