ఒషేన్ వాయించిన ఆఖరి ఆల్బం

“మధ్యలో ఆపకు తల్లీ. చివరిదాకా ఉండనీ,” అన్నాడు ముసలి ఆస్‌బర్న్.

రికార్డు మీది ముల్లు ఎత్తబోయిన వెర్నెత్ చెయ్యి వెనక్కి తీసుకుంది. కింగ్‌స్టన్ ఆరెంజ్ స్ట్రీట్‌లో ఆమె రికార్డుల కొట్టు తెరిచి పది నిమిషాలైనా కాలేదు. కొత్త ఆల్బం వచ్చిందని నిన్న కబురు పెడితే, ముసలాయన జోరున కురిసే వానలో నడుచుకుంటూ వచ్చేశాడు.

రెండేళ్ల కిందట ఆయన మొదటిసారి వచ్చినప్పుడు, చర్చిలో పంచిన కాగితం వెనక ఒక పేరు రాసి తెచ్చాడు. ఒషేన్ టలక్. ఆ కుర్రాడు వాయించినవి ఏమున్నా వినిపించమన్నాడు. బేస్ గిటార్ వాయించే ఒషేన్ అప్పటికి నెల కిందటే బస్సు ప్రమాదంలో పోయాడు. ఇరవై ఆరేళ్లు నిండలేదు. ఆ పేరు పలకడానికి ఆయన పడ్డ అవస్థ చూసి కన్నతండ్రే అయ్యుంటాడనుకుంది వెర్నెత్. చిన్నప్పుడు వాణ్ణి పట్టించుకోక, ఇప్పుడు కుమిలిపోతున్నాడనుకుంది. అడగలేదు. అలాంటిది ఎలా అడుగుతారు?

కీర్తనలు తప్ప మరో పాట ఎరగని మనిషి. మొదట్లో రెగే సంగీతమంతా ఆయనకి ఒకేలా వినబడేది. వెర్నెత్ ఓపిగ్గా దగ్గర కూర్చోబెట్టి నేర్పింది. పాడేవాణ్ణి వదిలెయ్యమంది, డప్పునీ వదిలెయ్యమంది. వాటి అడుగున నడిచే బేస్‌ని పట్టుకోమంది. మూడు నెలలకి పట్టుకున్నాడు. ఒషేన్ ఎందరికో వాయించి పెట్టి పోవడంతో అవన్నీ ఒక్కొక్కటిగా కొత్త ఆల్బమ్‌లలో వస్తూనే ఉన్నాయి. వచ్చినప్పుడల్లా ముసలాయనా వచ్చేవాడు. రానురాను అట్ట మీద పేరు చూడకుండానే, ఇది మనవాడిది, ఇది కాదు అని చెప్పేసేవాడు. చరణం మలుపు దగ్గర ఒషేన్ ఒక్క క్షణం ఆగి మీటుతాడని, అప్పుడు నవ్వుకుంటూ ఉంటాడని ఆయన నమ్మకం.

“చెవి బాగా తిరిగిందే. ఇక నా కొట్టు నువ్వే నడుపుకో పెద్దాయనా,” అని వెర్నెత్ ఏడిపించేది. ఆయన తెచ్చిన బుల్లా రొట్టె విరిచి ఇద్దరూ తినేవారు.

ఒకసారి, ఒషేన్ తల్లిని కూడా తీసుకురమ్మంది.

“ఆవిడ నా మొహం చూడదు తల్లీ,” అన్నాడు. వెర్నెత్ ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఆఖరి పాట వచ్చింది. ఆస్‌బర్న్ లేచి నిలబడి, టోపీ తీసి ఛాతీకి ఆనించుకున్నాడు. బేస్ నెమ్మదిగా దిగింది, మలుపు దగ్గర ఆగింది, మళ్లీ అందుకుంది. పాట అయిపోయాక కూడా ఆయన కూర్చోలేదు.

“ఇదే ఆఖరిది. పోవడానికి ముందురోజు వాయించాడట. ఇక వాడివేం మిగల్లేదని స్టూడియో వాళ్లు చెప్పారు,” అంది వెర్నెత్ మెల్లిగా.

“ఇంకా ఎన్ని వాయించేవాడో,” అన్నాడాయన.

ఆమె కౌంటరు దాటి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. ఇన్నాళ్లూ నోటిదాకా వచ్చి ఆగిన మాట ఇవాళ అనెయ్యాలనిపించింది.

“పెంచినా పెంచకపోయినా నువ్వు తండ్రివే. వాడి పాటంతా విన్నావు. పైనుంచి చూసి వాడు నిన్నెప్పుడో క్షమించి ఉంటాడు.”

ఆయన చెయ్యి విడిపించుకున్నాడు.

“నేను వాడి తండ్రిని కాదమ్మా. బతికుండగా వాణ్ణి ఒక్కసారే చూశాను.”

“మరి నువ్వెవరు?”

“ఆ రోజు బస్సు నడిపింది నేను.”