ప్రత్యర్థి ఓటు

"నాకు పదకొండు. ఆ గవ్రాన్ వెధవకి పన్నెండు," అన్నాడు రాతోమిర్, తెర మీది అంకెల్ని కరిచేసేలా చూస్తూ.

"ఇంకా ఎంతసేపుంది?" అంది అతని అత్తగారు స్తామెన్కా. ఎదురువాటాలో ఉంటుందావిడ. ఎప్పట్లాగే తలుపు కొట్టకుండా వచ్చింది. చేతిలో చిక్కుడుగింజల చారు గిన్నె, చంకలో పొద్దస్తమానం పేకాడుకునే టాబ్లెట్.

"ఇరవై నిమిషాలు. పన్నెండింటికి చర్చి గంట కొడితే అయిపోయినట్టే."

జెలెన్‌గ్రాడ్ అనే దేశం ఏ పటంలోనూ లేదు. ఇంటర్నెట్‌లో ఉంది. పౌరులు ఇరవై అయిదుగురు. వాళ్ళకో రాజ్యాంగం ఉంది, మంత్రులున్నారు, మంత్రుల మీద ఆరోపణలూ ఉన్నాయి. వాల్యేవో ఊళ్ళో మూడో అంతస్తు వంటింటి బల్ల ముందు కూర్చుని రాతోమిర్ ఏడాదిగా దాన్ని ఏలుతున్నాడు. రోజూ పొద్దున ఏడున్నర లోపు అధ్యక్షుడి ఉత్తర్వు వెలువడాలి. ఆ పదవి పోతే, పొద్దున్నే లేవడానికి ఆ ఇంట్లో అతనికి మరో కారణం లేదు.

"ఎవడా గవ్రాన్?"

"ఎవడికి తెలుసు? అందరం సొంత పేర్లతో ఉంటే వాడొక్కడే మారుపేరు. నిష్ నగరంలో ఎవడో లాయరై ఉంటాడు. నెల్లాళ్ళుగా రోజూ పొద్దున ఏడు కొట్టగానే నా మీద పడతాడు. ఇదిగో విను, నిన్నటిది. 'అధ్యక్షుడు నిద్ర. గడ్డం మాసింది. లేవండి.' నా గడ్డం వాడికెందుకంట!"

"గీసుకున్నావుగా."

"వాడి కోసం కాదు."

"సరే. నిలబడ్డాడుగా. అది నయం."

రాతోమిర్ గొణిగాడు. అది నిజమే. పోటీ లేకపోతే ఎన్నిక చెల్లదు, దేశాన్నే మూసేయాలి. అలాగని రాజ్యాంగంలో ఉంది. నామినేషన్ల గడువు ఇంకో గంట ఉందనేంత వరకూ ఒక్కడూ ముందుకు రాలేదు. అప్పుడు దిగాడు గవ్రాన్.

"ఆ మేలు చేశాడు. కాదనను."

"ఆ మాట వాడితో అన్నావా?"

"నేనెందుకంటాను?"

"అనవు. నీ నోట రాదు. మా పిల్ల, నీ పెళ్ళాం, శవపేటిక మోసినవాళ్ళకీ ఓ మంచిమాట చెప్పలేదు."

ఆవిడ గిన్నె పొయ్యి మీద పెట్టి, తెర వైపు వంగింది.

"నీ ఓటు పడిందా?"

"లేదు. అభ్యర్థులం చివర్న వేయాలి. ఎవడూ తనకి వేసుకోడు. నేను వాడికి, వాడు నాకు. దేశం పుట్టినప్పటి నుంచీ ఆనవాయితీ."

"వేస్తావా?"

"వాడికా? చచ్చినా వేయను."

"మరి పరువు?"

"పరువుకి ఓటు హక్కు లేదు, అత్తా."

"పెళ్ళినాడు కూడా అంతే నువ్వు. పెళ్ళికూతురు నీకు దారిచ్చి ఆగింది. గుమ్మం నువ్వే ముందు దాటావు," అంది స్తామెన్కా. టాబ్లెట్ చంకలో సర్దుకుంది. "చారు వేడిగా ఉంది. తిను."

ఆవిడ వెళ్ళిపోయింది. రాతోమిర్ తన పేరు మీద నొక్కాడు. పన్నెండు, పన్నెండు.

ఇక మిగిలింది ఒకే ఓటు, గవ్రాన్‌ది. వాడూ తనలాంటివాడే అయితే కథ ముగిసినట్టే. రాతోమిర్ అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. రేపు ఏడింటికి ఈ కుర్చీలో కూర్చుని గోడ చూడటం ఎలా ఉంటుందో ఊహించుకున్నాడు. గోడ గురించి అతనికి బాగా తెలుసు.

ఒక నిమిషం ఉందనగా అంకె కదిలింది. పదమూడు, పన్నెండు. గంట మోగింది.

"గెలిచా!" అని వంటింట్లో ఒక్కడే అరిచాడు.

జెలెన్‌గ్రాడ్‌లో రహస్య ఓటు లేదు. లెక్క ముగియగానే ఎవరు ఎవరికి వేశారో పేర్లతో సహా తెర మీదికొచ్చింది. ఆ పదకొండు మందినీ ఒక్కొక్కరినీ చదువుకున్నాడు. తను ఒక్క మంచిమాట అనని మనుషులు. అయినా వేశారు. అట్టడుగున రెండు వరసలున్నాయి.

రాతోమిర్ ఓటు రాతోమిర్‌కి.

గవ్రాన్ ఓటు రాతోమిర్‌కి.

ఆనవాయితీ ఒకడు నిలబెట్టాడు, ఇంకొకడు తొక్కాడు. ఇరవై అయిదుగురూ చూస్తున్నారు. ఎవరూ ఒక్క మాట రాయలేదు. తిట్టినా బాగుండేది.

తనూ మర్యాదగా వేసి ఉంటే పదమూడు గవ్రాన్‌కి పడేవి. ఆ లెక్క అతను మూడుసార్లు వేశాడు. మూడుసార్లూ అంతే వచ్చింది.

అప్పుడు కీబోర్డు దగ్గరికి లాక్కున్నాడు. ముందు ఆ పదకొండు మందికి పేరుపేరునా రెండు ముక్కలు రాశాడు. చివరిదానికి ఎక్కువసేపు పట్టింది. రాశాడు, కొట్టేశాడు, మళ్ళీ రాశాడు.

"గవ్రాన్ గారూ, మీరు నిలబడకపోతే ఈ దేశం లేదు. మీ తిట్లు లేకపోతే ఈ నెల రోజులూ నేను మంచం దిగేవాణ్ణి కాను. మీ ఓటు లేకపోతే గెలిచేవాణ్ణీ కాను. నేను మీకు వేయలేదు. తప్పు నాది. పదవి మీదే, తీసుకోండి. మీకు కృతజ్ఞుణ్ణి. ఈ మాట ఇంకా చాలామందికి బాకీ ఉన్నాను. మీతో మొదలుపెడుతున్నాను."

పంపించాడు. కళ్ళు తుడుచుకునేలోపే జవాబు వచ్చింది.

"పదవి వద్దు. నీ ఓటు ఎటో అడిగాకే నాది వేశాను. రేపు ఏడింటికి లే. చారు చల్లారి ఉంటుంది. వేడి చేసుకో."