పంది తవ్విన చెలమ

చెరువు ఎండిపోయినా దాని నడుమ ఇసుకలో ఒక చెలమ మిగిలింది. మోకాలి లోతు గుంట, అంతే. దాంతోనే అందరి గొంతులూ తడిసేవి. తాగినవాళ్లు పూడిన ఇసుక తోడిపోవాలి, అప్పుడే వెనకవాళ్లకు నీళ్లు ఊరతాయి. అది అక్కడి కట్టుబాటు.

ఆ వేసవిలో అడవిపందికి విసుగొచ్చింది.

"రోజూ ఎవరికోసమో ఇసుక తోడాలా? నా గుంట నేను తవ్వుకుంటా" అని పక్కనే ఇంకా లోతుగా తవ్వింది. చెలమలో నీళ్లన్నీ ఆ గుంటలోకి దిగిపోయాయి.

"పందిమామా, నాకు తవ్వడం రాదు. గుడ్లు వదిలి దూరం పోలేను" అంది తీతువు పిట్ట.

"తవ్వలేనిదానికి దాహమెందుకు?" అంది పంది.

నక్కకు రోషమొచ్చి అంతకంటే లోతుగా తవ్వింది. పంది దాన్ని మించి తవ్వింది. నీళ్లూ అలాగే కిందికి పోయాయి. కుందేళ్లు వలసపోయాయి. కాళ్లు అరిగి నక్కా వెళ్లిపోయింది. చివరికి తీతువు గుడ్ల చుట్టూ మూడుసార్లు తిరిగి, ఎగిరిపోయింది.

పంది ఒక్కటే తవ్వింది. ఒకరోజు నీళ్లు పడ్డాయి. కడుపారా తాగి, "పడ్డాయర్రా!" అని అరిచింది. తన అరుపే గుంటలో తిరిగి తిరిగి ఆగిపోయింది.

పూడిన ఇసుకంతా పంది మూతితో తోడింది. పైకెక్కి, వెనకవాళ్లకు దారి వదిలి, పక్కకు జరిగి నిలబడింది.

పొద్దుగూకేదాకా నిలబడింది.